అత్తగారి దిద్దుబాటు

"ఐ వాంట్ టు స్లోలీ ఈట్," అన్నాను, మా అత్తగారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

ఆవిడ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. నేను కాపురానికి వచ్చిన నాటినుంచి నా మాటలో తప్పు పట్టని పూట లేదు. చుట్టాల ముందు కూడా, "తెలుగులో మెల్లగా తినాలి అన్నట్టు ఇంగ్లీషులో అనకూడదమ్మా. ముందు ఈట్, ఆ తర్వాతే స్లోలీ," అని నా పరువు తీసేది.

ఇప్పుడు కళ్ళెర్రజేసి చూసింది.

"షీ లైక్స్ టు లౌడ్లీ షౌట్," అన్నాను.

పక్కనున్న నీళ్ళగ్లాసు ఎడమచేత్తో విసిరికొట్టింది. నా చీర తడిసిపోయింది.

"ఏం, తప్పా? తప్పయితే చెప్పండి. ఇన్నేళ్ళూ పిల్లలకి మీరు నేర్పింది ఇదేనా?"

ఆవిడ దవడ వణికింది. మెడనరాలు పొంగాయి.

"త... తర్వాత," అంది. "షౌట్... తర్వాత. మొద్దు మొహమా."

పక్షవాతం వచ్చి పడిపోయాక ఆ నోట వచ్చిన మొదటి మాట అది. కొడుకు బతిమాలితే పలకలేదు. డాక్టరు బొమ్మలు చూపించి అడిగితే పలకలేదు.

"నేనొప్పుకోను," అనేసి, విసురుగా వంటింట్లోకి వెళ్ళి ముక్కు చీదుకున్నాను.

పొయ్యి ముందు నిలబడి, రేపటికి ఇంకో తప్పు వాక్యం తయారుచేసుకున్నాను.