నీలం బండి ఎవరిది?

"అన్నా, నీ బండి లోపల పెట్టు. జల్ది!"

ఫోన్‌లో సంజు తొందరపెట్టాడు. చిట్గుప్ప బస్టాండు ఎదురుగా మొబైల్ రిపేరు షాపు అతనిది.

"ఏమైందిరా?" అన్నాడు ఓంకార్.

"టెంపో ఏసుకొని మంది దిగిండ్రు. రోజూ బీదర్ పోయే నీలం బండి, నల్ల హెల్మెటు, ఆ మనిషి ఇల్లేడ అని అడుగుతుండ్రు. ఒకాయన చేతిల ఇంత లావు కట్టె ఉంది. ఒక ముసలామె ఒకటే ఏడుస్తాంది. యాడనన్న ఎవరినన్న గుద్దినవా అన్నా?"

"నేనా? లేదురా!"

"నేనైతే నోరు తెరువలే. పాన్‌డబ్బా కాడ ఎవడో చెప్పేసిండు. మీ గల్లీ దిక్కే వస్తుండ్రు."

సంజు ఫోన్ పెట్టేశాడు.

ఎదురుగా లాప్‌టాప్‌లో ఆఫీసు మీటింగు, పై అధికారి శ్రద్ధ మేడమ్ ఏదో చెప్పుకుపోతోంది. ఓంకార్‌కు ఒక్క ముక్క ఎక్కడం లేదు.

బీదర్ ఆఫీసువాళ్లు ఇంటి నుంచే పని చెయ్యమన్నప్పటి నుంచి అతని బండి గడప ముందు నుంచి కదల్లేదు. అయినా పొద్దున్నే దాన్ని తుడుస్తాడు. హెల్మెటు పెట్టుకుని, స్టార్టు చేసి, కాసేపు దాని మీదే కూర్చుంటాడు. తర్వాత ఆపేసి లోపలికొచ్చి లాప్‌టాప్ తెరుస్తాడు. "వచ్చినవా బీదర్?" అని భార్య రష్మి నవ్వుతుంది. ఆమెకేం తెలుసు? ఆ దారి, ఆ గాలి లేకపోతే అతనికి పొద్దు పొడిచినట్టే ఉండదు.

ఇవాళ ఆ దారే అతన్ని వెతుక్కుంటూ వస్తోంది.

ఆఫీసుకు పోయిన చివరిరోజు వాన. వాగు మలుపు దగ్గర బండి ఎగిరిపడింది. గుంత అనుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

గుంతేనా?

"రష్మీ! ఒక చెయ్యెయ్యి, బండి లోపలికి తోద్దాం."

"ఎందుకు? హాల్ల ముగ్గేసిన. చక్రాలు తిప్పుతవా దాని మీద?"

"మంది వస్తుండ్రు. నా కోసం."

"ఎవరు? ఏం జేసినవు?"

"ఏం చెయ్యలే!"

"చెయ్యకుంటే దాచుడెందుకు?"

ఓంకార్ ఒక్కడే బయటికెళ్లి తోశాడు. బండి ముందు చక్రం గడప ఎక్కింది కానీ ఆపైన కదల్లేదు. దాన్ని మళ్లీ కిందికి దించి, పడగ్గదిలోంచి దుప్పటి లాక్కొచ్చి బండి మీద కప్పాడు. లోపలికొచ్చి గడియ పెట్టాడు. లాప్‌టాప్‌లోంచి శ్రద్ధ మేడమ్, "ఓంకార్, మీ రిపోర్టు చెప్పండి" అంటోంది.

గల్లీ మొదట్లో టెంపో ఆగిన చప్పుడు. అడుగులు. చాలా అడుగులు.

"గీ ఇల్లేనా?"

"గీ ఇల్లే. దుప్పటి కింద ఏముందో సూడు."

ఓంకార్ కిటికీ సందులోంచి చూశాడు. తెల్ల తలపాగా ముసలాయన కట్టెతో దుప్పటి ఎత్తాడు. నీలం రంగు బయటపడింది.

"ఇదే బండి!"

అంతే, వెనక నిలబడ్డ ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది.  ఆ ముఖం ఎక్కడో చూశాడు. ఎక్కడ? వాగు మలుపు దగ్గరే. రోజూ అక్కడే గట్టు మీద ఉంటుంది.

అయితే గుంత కాదు.

"ఓంకార్, వినిపిస్తోందా? హలో?"

లాప్‌టాప్ మూసేశాడు.

తలుపు మీద కట్టె టకటకలాడింది. "ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

 రష్మి గడియ మీద చెయ్యి వేసింది. "ఆడమనిషిని సూస్తే ఊకుంటరేమో. నేను మాట్లాడుత."

"వద్దు. నువ్వు వంటింట్లకు పో. నేను పిలిచేదాక బయటకు రాకు."

"పోలీసులకు ఫోన్..."

"ముందుగాల ఎవరికేమైందో అడగనియ్యి."

ఆమె లోపలికి పోయేదాకా ఆగి, ఓంకార్ గడియ తీశాడు.  తప్పు జరిగి ఉంటే ఒప్పుకోవాలి. కొడితే పడాలి. అంతకన్నా ఆలోచించే వ్యవధి లేదు.

వాకిట్లో పది పదిహేను మంది. ఎవరూ అరవలేదు. అది మరీ భయంగా ఉంది.

ముసలాయన కట్టె గోడకు ఆనించాడు. రెండడుగులు ముందుకొచ్చి ఓంకార్ భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"ఈ బండి మీద పోయే పిల్లగాడు నీకేమైతడు బిడ్డా? అన్ననా?"

ఓంకార్ నోరు తెరిచాడు. 

"అన్నే అయ్యుంటడు. ఒడ్డు పొడుగు గట్లనే ఉంది," అన్నాడు వెనక నుంచి ఇంకొకడు.

"మేం ఆయన మొఖం ఎన్నడు సూడలే బిడ్డా, ఎప్పటికి ఆ నల్ల టోపే," అన్నాడు ముసలాయన. "పేరు గూడ ఎరుకలే. కానీ మా గట్టు కాడ చెయ్యెత్తకుండ ఒక్కనాడు పోలే. మా గుండమ్మ ఆయన బండి సప్పుడయినంకనే సద్ది మూట ఇప్పేది. ఎండకాగలే, వానకాగలే, గసువంటోడు ఆగిపాయె. అవుతల హైవే మీద నీలం బండాయన లారీ కింద పడ్డడని మొన్ననే ఎవరో అన్నరు. గప్పుడు సమజయ్యింది మాకు."

గుండమ్మ కళ్లు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. వంటింటి వైపు చూసి, "మీ వదిన లోపల ఏడుస్తాందా?" అని మెల్లగా అడిగింది. చంకలోని మూట విప్పి, వేడి ఆరని జొన్నరొట్టెలు ఓంకార్ చేతుల్లో పెట్టింది.

"సావు ఇంట్ల పొయ్యి ముట్టియ్యరని అండుకొచ్చినం. మీ అన్న ఎట్లాగు పాయె, నువ్వన్న ఇంత తిను బిడ్డా."