గోడ దాటిన చిన్నోడు

“ఓడినోడింటికే అత్త. తర్వాత మాట మార్చావంటే ఊరుకోను,” అని గొణిగాడు పెద్దోడు. బూటు లేసు కట్టుకుందామని వంగబోతే పొట్ట అడ్డమొచ్చింది. లేసు సంగతి దేవుడికొదిలేసి నిటారుగా నిలబడ్డాడు.

“మాట మార్చేది నువ్వే అన్నయ్యా, నేను కాదు,” అన్నాడు చిన్నోడు. పైకి అలా అన్నాడేగానీ ఓ కన్ను పక్కకే వేసి ఉంచాడు. అవతల నుంచి పెళ్ళాం కళ్ళార్పకుండా చూస్తోంది. బయల్దేరేటప్పుడే తేల్చి చెప్పేసింది: “ఆవిడ మళ్ళీ మనింటికొస్తే నేను మా పుట్టింటికి. ఆపైన నీ ఇష్టం.”

మేనత్తంటే అలాంటిలాంటి మేనత్త కాదు మరి. ఆవిడ నోరు విప్పిందంటే పొయ్యి మీద పాలు పొంగడం మానేసి విరిగిపోతాయి. వీధికుక్క ఆవిణ్ణి చూసి ఒకేఒక్కసారి మొరిగి, ఆవిడిచ్చిన జవాబు విని, అప్పట్నుంచీ సందు మార్చేసింది. ఇప్పుడావిడ ఈ పందెం జరగబోయే ఫ్యామిలీ జిమ్‌లో కోచ్ కుర్చీలో కాలు మీద కాలేసుక్కూర్చుంది. పాపం, కోచ్ నిలబడ్డాడు.

“మొదట ఈ వల కింద పాకాలండీ,” అన్నాడు కోచ్. “తర్వాత ఆ సన్న దుంగ మీద నడవాలి. ఆపైన రింగులు పట్టుకుని వేలాడుతూ ఒకదాన్నించి ఒకదానికి మారాలి. చివర్న గోడ. కొత్తవాళ్ళు కాబట్టి గోడ దగ్గర మాత్రం ఇంట్లోవాళ్ళు కింద నుంచి చెయ్యెయ్యొచ్చు. అయినా మొదటిరోజే పోటీ ఎందుకండీ? మెల్లగా నేర్చుకుంటే…”

“నువ్వు ఈల ఊదు నాయనా,” అంది అత్త. “చెప్తే నేర్చుకునే మొహాలే అయితే బళ్ళోనే నేర్చుకునేవాళ్ళు.”

ఈల మోగింది. ఇద్దరూ వల కిందికి దూరారు. పెద్దోడి పొట్టకి వల చుట్టుకుంది. వదిలించుకోలేక వలతో సహా పాకడం మొదలుపెట్టాడు.

“ఒరేయ్ పెద్దోడా! చేపక్కూడా వల్లోంచి బయటపడాలనుంటుందిరా. నువ్వేంటి, అందులోనే కాపురం పెట్టావు?”

చిన్నోడికి నవ్వాగలేదు.

“నువ్వు పళ్ళికిలించకు! వానపాములు నిన్ను చూస్తే సిగ్గుతో చచ్చిపోతాయి.”

దుంగ మీద చిన్నోడు రెండు చేతులూ చాపి, అడుగు తీసి అడుగేశాడు. “పెళ్ళికూతురొస్తోందర్రా! ఎవరైనా చెయ్యి పట్టుకు తీసుకురండమ్మా!” అని కేకేసింది అత్త. ట్రెడ్‌మిల్లు మీద పరిగెత్తేవాడొకడు పగలబడి నవ్వి జారి కిందపడ్డాడు.

ఇక రింగులు. పెద్దోడు పట్టుకోగానే ఇనుప చట్రం అమ్మా అని మూలిగింది. జిమ్ పైకప్పు జానెడు కిందికి దిగిందని చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. చిన్నోడు మూడో రింగు దాకా వెళ్ళి, ఊపు చాలక అక్కడే వేలాడిపోయాడు.

“ఆ తడిబట్టని ఆరనివ్వండి,” అంది అత్త. “ఆరాక నేనొచ్చి మడతపెడతాను.”

ఆ మాటకి మండిందో, పెళ్ళాం పుట్టిల్లు గుర్తొచ్చిందోగానీ చిన్నోడు కాళ్ళు విదిలించి మిగతా రింగులన్నీ దాటేశాడు. ఆయాసపడుతూ ఇద్దరూ ఒకేసారి గోడ దగ్గరికి చేరారు.

చిన్నోడి వదిన వచ్చి మొగుడి కింద భుజం పెట్టింది. “ఏవండీ, కాస్త ఊపిరి బిగపట్టండి!”

“ఊపిరేం బరువే? నేను గదా బరువు!”

“ఆ ముక్క పెళ్ళికి ముందు చెప్పాల్సింది!” అంటూనే వదిన పళ్ళు బిగించి లేపింది. పెద్దోడి మోచెయ్యి గోడ మీదికి చేరింది.

ఇటు చిన్నోడు గోడ అంచు పట్టుకుని కాళ్ళు గిలగిలా కొట్టుకుంటున్నాడు. కింద పెళ్ళాం బలమంతా పెట్టి తోస్తోంది. ఆ బలం తలుపు గడియక్కూడా చాలదు. వేళ్ళు జారుతున్నాయి. అవతల అన్నయ్య రెండో మోచెయ్యి కూడా ఎక్కించేశాడు.

“అయిపోయిందే! పట్టు జారిపోతోంది!” అని అరిచాడు చిన్నోడు.

“తప్పుకో అమ్మాయ్!” అని వినబడింది. పెళ్ళాం పక్కకి జరిగింది. మరుక్షణం కింద నుంచి ఒక్క తోపు. ఎద్దు కుమ్మినా అంత ఊపు రాదు. చిన్నోడు గోడకి ఒళ్ళయినా తగలకుండా గాల్లో లేచి, అవతల పరుపు మీద దభీమని పడ్డాడు.

కోచ్ ఈల ఊదాడు. “చిన్నాయన గెలిచారు!”

పెళ్ళాం గోడ చుట్టూ పరిగెత్తుకొచ్చి, అంతమందిలోనూ మొగుణ్ణి కావలించుకుంది. ఆమె వెనకే గోడ చుట్టూ తిరిగొస్తున్న అత్తకి చిన్నోడు దణ్ణం పెట్టాడు. అత్తని వదిలించుకుందామని తను పాకులాడితే, ఆవిడే వచ్చి గెలిపించిందే! “థాంక్సత్తా,” అన్నాడు తలెత్తలేక. “నువ్వు చెయ్యెయ్యకపోతే…”

పెద్దోడు ఇంకా గోడ మీదే గుర్రమెక్కినట్టు కూర్చునున్నాడు. మొహం వేలాడేసి, “సరే, ఏం చేస్తాం. పదత్తా మా ఇంటికి,” అన్నాడు.

అత్త వాణ్ణి కింద నుంచి పైదాకా ఎగాదిగా చూసింది. “దిగడం చేతకానోడు ఇంటికి రమ్మంటున్నాడు!” అంది. చీర దులుపుకుని, వచ్చి చిన్నోడి భుజం మీద బరువుగా చెయ్యేసింది.

“మీ గుసగుసలు నాకు వినబడలేదనుకున్నార్రా? ఓడినోడి గడప తొక్కే ఖర్మ నాకేంటి? ఎవరింట్లో ఉండాలో తేల్చుకున్నాకే నిన్ను నెట్టాను. పద, గెలిచినోడా, మనింటికి!”