నమ్మని ప్రోగ్రాముకు ఒక్క అర్ర

"గా డబ్బల పొద్దంత ఏం జేస్తవే రెబెకా?" ఉప్పునుంతల ఊళ్లోని ఇంట్లో, వంటింటి గడప లోపల మనవరాలిని ఎత్తుకుని నిలబడి అడిగింది అత్త బాలనాగమ్మ.

ముందరి గదిలో కోడలు లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. "నమ్మకం లేని ప్రోగ్రాం బయటికెల్లి వస్తే దానికి ఒక్క అర్రనే ఇస్తం అత్తమ్మా. పని అండ్లనే చేసుకోవాలె. గడప దాటిందా, కంప్యూటర్ల పెద్దదిక్కు కెర్నెల్ దాన్ని ఆడ్నే చంపుతది."

"మంచిగుంది."

"అది పిల్ల ప్రోగ్రామును కన్నా గదే రూలు. తల్లికి బందున్నకాడ పిల్లకు గూడ బందే."

బాలనాగమ్మ మనవరాలిని గట్టిగా హత్తుకుంది. పాప మూతికి దేవుని గదిలోని కొబ్బరి ఇంకా అంటుకునే ఉంది.

"పసిదానికి సుత రూలా? రాసినోళ్ల చేతులిరగ!"

"గట్ల తిట్టుకోకు అత్తమ్మా," అంది రెబెకా. "నీ చేతులిరిగితే, మూడేండ్ల సంది వంటింటి గడప దాటనియ్యని కోడలికి కంచం ఎవరందిస్తరు?"