చిజుకో అక్క పడవ

జపాన్‌లోని హకోదాతే ఊళ్ళో మంచు కురుస్తున్న ఆ రాత్రి సుమియే రెండేళ్ళ తర్వాత పడవ పందెం వీడియో గేమ్ పెట్టింది. అక్క చిజుకోతో మాటల్లేని రోజుల్లోనూ ఆ ఆటే ఇద్దరినీ కలిపేది. అక్క పోయాక సుమియే దాన్ని ముట్టుకోలేదు.

ఆట మొదలవగానే రెండో పడవ కూడా కదిలింది. దాని రిమోట్ నేల మీద ఊరికే పడి ఉంది, బటన్లు మాత్రం టిక్కుటిక్కుమంటున్నాయి. ఆ పడవ నేరుగా వచ్చి ఆమె పడవను రెల్లుపొదల్లోకి నెట్టేసింది. అక్క ఎప్పుడూ చేసే పనే.

"తొండాట ఆడకే అక్కా," అంటూ సుమియే పకపకా నవ్వింది.

"ఎవరితోనే ఆ నవ్వులు?" అంటూ భర్త తెత్సురో పక్కగదిలోంచి వచ్చాడు. తెర మీది రెండో పడవనూ, నేల మీది రిమోట్‌నూ చూశాడు. తర్వాత మెల్లగా చతికిలబడ్డాడు.

"వదినా, తర్వాతి ఆట నాతో."

నేల మీది రిమోట్ సరే అన్నట్టు అతని వైపు కాస్త జరిగింది.