ఏడోనాటి గుడ్డు

"అమ్మమ్మ మాట విను, నాన్న మాట వినకు!" అంటూ గుడ్డు పక్కన ఇత్తడి రోలు ఖణఖణా మోగిస్తోంది ఇనాయత్. బిడ్డ పుట్టిన ఏడోనాడు కైరోలో ఇంటింటా మోగే రోలే అది. ఈసారి బిడ్డ మాత్రం, అల్లుడు రమ్జీ పెంచుకునే కొండచిలువది.

ఇదంతా వారం కిందట మొదలైంది. పాము పదిరోజులుగా దొడ్డికి పోలేదని, "ఆ రోగిష్ఠిదాన్ని శుక్రవారంలోగా బయటికి తగిలెయ్" అంది అత్తగారు. అంతలో పాముపెట్టెలో తెల్లటి ఉండ కనబడింది. "గుడ్డు!" అని ఆవిడ మురిసిపోయింది. కాదని తెలిసినా, పాము ఇంట్లో ఉంటుంది కదా అని అతను నోరు మూసుకున్నాడు. ఆవిడ దాన్ని వారంపాటు గుండెకు హత్తుకుని పదిలంగా పొదిగింది.

వేడుకకు వచ్చిన పశువుల డాక్టరమ్మ నగ్వా గుడ్డును గోటితో గీకింది. సుద్దలా రాలింది.

"ఇనాయత్ హాజ్జా, ఇది పాము మూత్రం. వాటికి నీళ్లలా రాదు, ఇలా గడ్డగానే వస్తుంది."

రోలు ఆగింది. "మరి పదిరోజులు బిగబట్టిందేం?"

"మింగిన ఎలుక అరగాలి కదమ్మా. దానికి అది మామూలే. మీ పాము గుండ్రాయిలా ఉంది."

రమ్జీ పాముపెట్టెను కౌగిలించుకున్నాడు. "అత్తయ్యా, దీన్ని పంపెయ్యకండి!"

"దాన్నెందుకు పంపుతానూ?" ఆవిడ వచ్చినవాళ్లవైపు తిరిగింది. "వినండమ్మా అందరూ! గుడ్డని గుడ్డిగా నమ్మి, వారంపాటు నేను పొదిగింది పాము ఉచ్చని. ఈ పెద్దమనిషి తెలిసీ నోరు విప్పలేదు. ఇంట్లో మరుగుదొడ్డి ఒక్కటే. దాని జోలికే రాని పాము ఉంటుంది. రోజూ పేపరు పట్టుకుని గంటసేపు అందులో తిష్ఠవేసే వీడే పోవాలి!"