పందొమ్మిది డిగ్రీలు

మే నెల రాత్రి. ఆళ్లగడ్డలో తన మేడగదిలో ఎడ్విన్ ఒంటరిగా గేమ్ ఆడుతున్నాడు. తెర మూలన కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు వేడి ఎనభై నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. దాని ఫ్యాన్ల వేగం పెంచబోయేలోపే అంకె దానంతటదే పడిపోసాగింది. అరవై. నలభై. పందొమ్మిది. ఉడికిపోతున్న గదికన్నా కార్డే చల్లగా ఉంది.

"నీ పక్కన ఎవరుండారప్పా?" హెడ్‌సెట్‌లో నంద్యాల నుంచి స్నేహితుడు మహీధర్ అడిగాడు. "వేడన్నం మీద ఊదినట్టు ఇనపడతాంది."

"ఎవరూ లేరు. ఫ్యాన్ల సప్పుడేమో."

కంప్యూటర్ పక్క మూత తీసి చూశాడు. ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. చల్లటి గాలి మాత్రం ఆగి ఆగి అతని వేళ్లకు తగులుతోంది.

ఎడ్విన్ ప్లగ్గు పీకేశాడు. ఉన్న ఒక్క తెర వెలుగూ ఆరిపోయి గది చీకటైంది.

ఊదడం ఆగలేదు. చెమట పట్టిన అతని మెడ నెమ్మదిగా చల్లబడసాగింది.