విడుచుటకు కారణం

మైదా జిగురు అద్దిన నా వేలు కాగితానికి అంగుళం దూరంలో ఆగిపోయింది.

కాగితం మీద ఒక అమ్మాయి ఫోటో ఉంది.

బెంగళూరు నగర్తపేటలో మందుల అంగళ్ళకు, పూసల అంగళ్ళకు మేం కాగితపు కవర్లు చేసి ఇస్తాం. రద్దీ కాగితం, అంటే తూకానికి అమ్మేసిన చిత్తు కాగితం, కట్టలు కట్టలుగా వస్తుంది. జిగురు పూసే ముందు ప్రతి కాగితాన్నీ చదవడం నా అలవాటు. బడి ముఖం చూడని నాకు కన్నడం, తెలుగు రెండూ అలా వచ్చినవే.

ఈ కట్ట యూనివర్సిటీ నుంచి వచ్చింది. చదువు మానేసేవాళ్ళు టీసీ కోసం పెట్టుకున్న అర్జీలు.

పేరు భారతి. ముళబాగిలు దగ్గర పల్లె. ఫోన్ నంబరు, ఆధార్ నంబరు, తండ్రి సంతకం.

‘విడుచుటకు కారణం’ అన్న గడిలో చోటు చాలక అంచు వెంబడి తిప్పి రాసింది. అమ్మ పోయింది. నాన్న తాగుతాడు. చెల్లెల్ని ఒంటరిగా వదలలేను.

ఇల్లు విడిచి పోయిన మా అక్క గానీ, మా ఆయన గానీ కారణం రాసిపెట్టి పోలేదు.

ఆ కాగితాన్ని పక్కన పెట్టాను.

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన నా మనవరాలు సహన దాన్ని చూసింది. చెప్పులు కూడా విప్పకుండా చదివింది.

శనివారం వాళ్ళ కాలేజీలో విద్యార్థుల పార్లమెంటు పోటీ. యూనివర్సిటీ పాలకమండలిలో విద్యార్థులకు చోటు ఉండాలా, విద్యార్థుల సొంత వివరాలకు కాపలా ఎవరు అన్నవి చర్చ. నెగ్గినవాళ్ళను ఢిల్లీ తీసుకుపోయి అసలు పార్లమెంటు చూపిస్తారట. నెల రోజులుగా ఈ పిల్ల అద్దం ముందు నిలబడి ‘అధ్యక్షా’ అంటోంది.

“అవ్వా, ఇదొక్కటి సభలో చదివితే చాలు. ఢిల్లీ నాదే.”

“అంతా చదువుతావా?”

“పేరుతో సహా. ఇంక ఎవురూ నోరెత్తరు.”

“ఆ బిడ్డను అడిగితివా?”

“ఆమె ఎవురో నాకేం తెలుసవ్వా?”

మర్నాడు సహన కాలేజీకి పోగానే ఆ నంబరుకు నేనే ఫోన్ చేశాను. అనుమతి అడగడానికని కాదు. ఆ పిల్ల ఎట్లా ఉందో తెలుసుకోకపోతే నాకు పని సాగేట్టు లేదు.

“భారతేనా అమ్మా? అన్నం తింటివా?”

“ఎవురు మీరు? నా నంబర్ ఎవురిచ్చిరి?”

“నగర్తపేటలో కవర్లు చేసే ముసల్దాన్ని. నీ టీసీ అర్జీ రద్దీలో వచ్చినాది. చెల్లెలు బాగుండాదా?”

అవతల తలుపు మూసిన చప్పుడు వినబడింది.

“మా నాయన సంగతి గూడా చదివినారా?”

“చదివినాను తల్లీ.”

“ఇంక ఎవురికీ చూపీకండి. నేనే వచ్చి తీసుకుంటాను.”

మా ఇంటి గుర్తులు చెప్పించుకుని ఫోన్ పెట్టేసింది. ఎదురుగా గిన్నెలో జిగురు పైన పెచ్చు కట్టింది.

సాయంత్రం సంగతంతా చెబితే సహన తల పట్టుకుంది.

“అవ్వా, ఏది తప్పని శనివారం నేను మాట్లాడల్లో, నువ్వు అదే చేసి కూసుంటివి గదా.”

“చేస్తిని.”

“బాగుండాది. మొదటి ముద్దాయి మా ఇంట్లోనే ఉండాది.”

నాకు నవ్వొచ్చింది. దానికీ వచ్చింది.

మిగతా అర్జీలన్నీ ఇద్దరం నీళ్ళ తొట్టిలో నానేసి ముద్ద చేసేశాం. భారతి కాగితం మాత్రం సహన నా చేతికిచ్చింది.

“నీ దగ్గరే పెట్టుకో. నా దగ్గరుంటే చదివేస్తాను.”

శనివారం నేనూ వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాను. ఇంట్లో వదిలితే ఎవరైనా చూస్తారేమోనని కాగితాన్ని సంచిలో పెట్టుకునే వెళ్ళాను.

సహన కన్నడంలో మాట్లాడింది. టీసీ అర్జీలు వాళ్ళ అవ్వకు రద్దీలో దొరికాయని, పేర్లు లేకుండా చెప్పింది.

“ఆ కాగితాలు రద్దీకి అమ్ముదామని తీర్మానించిన గదిలో ఒక్క విద్యార్థి కూడా లేడు, అధ్యక్షా. ఉండి ఉంటే, వాటిలో మా ఇళ్ళ సంగతులున్నాయని చెప్పేవాడు.”

ఎదుటి పక్షంలోంచి వినయ్ అనే అబ్బాయి లేచాడు.

“గౌరవ సభ్యురాలు ఆ కాగితాన్ని సభ ముందు పెట్టాలి. లేదంటే వాళ్ళ అవ్వ చెప్పిన కథ అనుకుంటాం.”

సభంతా నవ్వింది.

సహన వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను సంచిని రెండు చేతులా అదుముకున్నాను. అది ఒక్క మాట అడిగి ఉంటే ఏం చేసేదాన్నో నాకిప్పటికీ తెలియదు.

“కాగితం ఉంది. దాని సొంతదారు వద్దంది. చూపించను.”

కూర్చుంది.

వినయ్ నెగ్గాడు.

వచ్చే దారిలో సహన రెండు మసాలా దోసెలు తిని, నా దాంట్లో సగం లాక్కుంది.

“వాడు పోనీలేవ్వా. ఢిల్లీలో ఒకటే చలంట.”

తరువాతి వారం భారతి చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఫోటోలో కంటే సన్నగా ఉంది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది.

“ఇది చదివింటే నువ్వు గెలిచేదానివా?” అని సహనను అడిగింది.

“గెలిచేదాన్ని.”

భారతి బ్యాగు జిప్పు మూసింది. చెల్లెలు నా పక్కన కూర్చుని, చూస్తూ చూస్తూనే నేర్చుకుని, పది కవర్లు మడిచింది.

భారతి చూస్తుండగానే సహన నా ఫోన్‌లోంచి ఆమె నంబరు తీసేసింది.

మళ్ళీ ఎప్పుడొస్తావని నేను అడగలేదు. వెళ్ళేవాళ్ళను ఆ మాట అడగడం మానేసి చాలా ఏళ్ళయింది.

అక్కాచెల్లెళ్ళు మెట్లు దిగారు. నాలుగడుగులు వేశాక భారతి ఆగింది. చెల్లెల్ని అక్కడే నిలబెట్టి, మళ్ళీ మెట్లెక్కి వచ్చింది.

“అవ్వా, ఫోన్ తియ్యి. నా నంబర్ రాసుకో.”

ఒక్కొక్క అంకే నిదానంగా చెప్పింది.